ఇంజనుకు బుర్గా

ఆ ఇంట్లో నేను గడిపిన చివరి చలికాలం ఒక ఖర్జూరం గింజతో మొదలైంది.

ధైద్ ఊరు దాటాక ఎడారి ఇసుకలో తారు పోసిన పట్టీ ఒకటుంది. చలి తగిలిన తొలి శుక్రవారం మొదలు ఎండలు ముదిరే దాకా మావాళ్ళంతా అక్కడే. చాపలు పరుస్తారు, కాఫీ కాస్తారు, విమానాలు ఎగరేస్తారు. బొమ్మ విమానాలే గాని, పిల్లలు ఆడుకునేవి కావు. మనిషంత పొడవుంటాయి. కడుపులో నిజమైన జెట్ ఇంజను. చూడ్డానికి చెంబంత ఉంటుంది, మోగిందంటే పళ్ళు జివ్వుమంటాయి. ముందున్న నోటితో అది గాలిని పీల్చే ఆత్రం చూస్తే ఎన్నాళ్ళ ఆకలో అనిపిస్తుంది. దగ్గరలో ఏది తేలిగ్గా ఉంటే అది లోపలికి పోతుంది.

ఆ శుక్రవారం నా భర్త ఒబైద్ తన విమానాన్ని నేల మీద పెట్టి ఇంజను స్టార్ట్ చేశాడు. కాస్త అవతల చాప మీద వాళ్ళన్న మత్తర్ ఖర్జూరాలు తింటున్నాడు. తిన్నవాడు గింజను గిన్నెలో వేయొచ్చు. మా బావకు గిన్నెలు కనపడవు. వేళ్ళ మధ్య పెట్టి టప్పున ఎగరగొట్టాడు. గింజ తారు మీద దొర్లుకుంటూ వచ్చి, విమానం పొట్ట కిందికి రాగానే మాయమైంది. ఆ వెంటనే గాజుల బుట్ట మెట్ల మీద నుంచి జారినట్టు ఒక చప్పుడు. ఇంజను చచ్చిపోయింది.

మా మామ ఖల్ఫాన్ లేచి వచ్చాడు. ఆయన్ను అందరూ బూ మత్తర్ అంటారు, మత్తర్ తండ్రి అని. పెద్దకొడుకు పేరుతో తండ్రిని పిలవడం మా దగ్గర మర్యాద. రెండోవాడి పేరు ఎవరి నోటా పలకదు. సైన్యంలో ఉన్నన్నాళ్ళూ అసలు విమానాల ఇంజన్లు విప్పి బిగించిన మనిషి కాబట్టి ఆ తారు పట్టీ మీద ఆయన మాటే మాట. వంగి ఆ నోట్లోకి తొంగి చూశాడు. గింజ విసిరిన కొడుకును వదిలేసి రెండో కొడుకు వైపు తిరిగాడు.

"నోరు తెరిచి కూర్చోబెడితే గింజలు పడక ముత్యాలు పడతాయా?"

"అన్న విసిరాడు నాన్నా," అన్నాడు ఒబైద్.

"అన్న విసరడం నీకు కనబడింది. దాని నోరు మూయాలన్న సంగతి మాత్రం కనబడలేదు."

చాపల మీద నవ్వులు. మత్తర్ ఇంకో ఖర్జూరం నోట్లో వేసుకుంటూ, "గింజ కూడా అరగని ఇంజను ఎక్కడ కొన్నావురా తమ్ముడూ? వాము తాగించు," అన్నాడు. ఆ రోజు నుంచి నా మొగుడి పేరు గింజ ఒబైద్. పట్టీ మీద అదే పిలుపు, బజార్లో అదే పిలుపు, ఆఖరికి మసీదు మెట్ల మీద కూడా.

నాకు ఒళ్ళు మండింది. ఒబైద్‌కు మండదు. నోట్లో నాలుక లేని మనిషి. దారంతా కారులో పాడైపోయిన ఇంజనును ఒళ్ళో పెట్టుకుని, ఊపిరాగిపోయిన పిల్లిపిల్లను పట్టుకున్నట్టు పట్టుకుని కూర్చున్నాడు.

అసలు ఆ చలికాలం మామూలు చలికాలం కాదు. వేసవిలో మామకు గుండె ఆపరేషను అయింది. ఉద్రేకం పనికిరాదు, విమానాలు మానుకోమన్నారు డాక్టర్లు. ఆయనకొక పెద్ద ఎర్ర విమానం ఉంది. సొంతంగా కట్టుకున్నది. దాని మీద ఈగ వాలినా ఊరుకోడు. సీజను ఆఖరి శుక్రవారం నాటికి దాన్ని ఇద్దరు కొడుకుల్లో ఒకరి చేతికిచ్చి తప్పుకుంటానని, మగవాళ్ళు కూర్చునే ముందుగది మజ్లిస్‌లో నలుగురి ముందూ ప్రకటించాడు. మత్తర్‌కు అది వచ్చినా రాకపోయినా ఒకటే, వాడికి డబ్బుంది, ఇంకోటి కొనుక్కుంటాడు. ఒబైద్‌కు అలా కాదు. తండ్రి అందరూ వింటుండగా 'ఒబైద్, నువ్వు తీసుకో' అనాలి. ఆ ఒక్క మాట కోసం నా మొగుడు మీసాలు రాకముందు నుంచీ కాచుకుని కూర్చున్నాడు. పెళ్ళయిన కొత్తలోనే ఆ సంగతి నాకు అర్థమైంది. అర్థమయ్యాక జాలేసింది, తర్వాత చిరాకేసింది, ఆ తర్వాత అది నాకూ అంటుకుంది. ఆ మాట నేనూ వినాలనుకున్నాను.

మా అమ్మది సముద్రం ఒడ్డున ఖోర్ ఫక్కాన్. ముసలమ్మలు ముఖానికి కట్టుకునే బుర్గాలు కుట్టేది. నుదురూ ముక్కూ కప్పేసి కళ్ళు మాత్రం వదిలే ఆ బంగారు మెరుపు గుడ్డను అంచు చిట్లకుండా మడవడం నాకు చిన్నప్పుడే చేతికి వచ్చింది. గింజ గొడవ జరిగిన మర్నాడు ఒబైద్ బజారు నుంచి ఇంజను నోటికి పెట్టే జాలీలు రెండు మూడు రకాలు తెచ్చాడు. ఒకదాని కన్నాల్లోంచి గులకరాయి దూరిపోతుంది. ఇంకొకటి ఎంత సన్నమంటే, మా దుమ్ముకు పూటలో మూసుకుపోయి ఇంజనుకు ఊపిరాడదు.

"ఇలా ఇవ్వు," అన్నాను.

స్టీలు తీగ జాలీ ముక్క తెప్పించి, గోధుమ జావ హరీసు కలిపే పెద్ద గరిటె వీపు మీద పెట్టి, చెక్కతో కొట్టి బుట్టలా చేశాను. అంచు దగ్గరే ఉంది పనంతా. తీగ కొస ఒక్కటి ఊడి లోపలికి పోయినా గింజ చేసిన పనే అదీ చేస్తుంది. అందుకని అంచును రెండు మడతలు మడిచి, కొసలు కనబడకుండా లోపలికి తిప్పి నొక్కాను. ఒబైద్ గడప మీద కూర్చుని చూస్తున్నాడు.

"నీకు బాగానే చేతనవుతుందే."

"మీ ఇంట్లో నోళ్ళు మూయించే పని నాకిస్తే ఇంకా బాగా చేతనవుతుంది."

నవ్వాడు. ఆ చలికాలం మొత్తంలో అతను నోరారా నవ్వింది అప్పుడే అనుకుంటాను. కొత్త ఇంజను తెచ్చుకుని, జాలీని స్క్రూలతో దాని నోటికి బిగించి, గుప్పెడు ఇసుకా రాళ్ళూ తీసి దాని ముందు చల్లి చూశాడు. రాళ్ళు జాలీకి తగిలి కింద పడ్డాయి. ఇంజను నిక్షేపంగా మోగుతూనే ఉంది.

ఆ మధ్యాహ్నమే మామ చూశాడు. అందరం ఆవరణలోనే ఉన్నాం. మా అత్త హమ్దా బుర్గా కట్టుకుని చాప మీద కూర్చుని చేప ముళ్ళు తీస్తోంది. మామ ఇంజను పైకెత్తి, ఆ జాలీ బుట్టను వేలితో మీటి, అత్త వైపు తిరిగాడు.

"హమ్దా, ఇటు చూడు. నీ చిన్నకొడుకు ఇంజను పెద్దమనిషయింది. బుర్గా కట్టారు."

మత్తర్ పడీ పడీ నవ్వాడు. అత్త కూడా నవ్వింది. ఆ ఇంట్లో మామ నవ్వితే అందరూ నవ్వాలి, అదొక పన్ను.

నేనూరుకోలేదు. "నోరు మూయాలన్నది మీరే కదా మామా," అన్నాను.

"అన్నాను. ఇంజను నోరు సంగతి అన్నాను. కోడలి నోరు సంగతి కూడా అప్పుడే చెప్పుండాల్సింది."

ఒబైద్ తల వంచుకుని ఇంజను తుడుస్తూ కూర్చున్నాడు.

ఆ తర్వాత వారాలన్నీ ఒకేలా గడిచాయి. ప్రతి శుక్రవారం పట్టీ మీద ఒబైద్ విమానం లేవడం, బాగా ఎగరడం, మెత్తగా దిగడం. రాళ్ళు మింగి ఇంజన్లు పోగొట్టుకున్నవాళ్ళు ఆ సీజన్లో ఇద్దరు ముగ్గురు ఉన్నారు. వాళ్ళలో ఒకాయన గుట్టుగా వచ్చి, మీ ఆవిడ చేత నాకూ ఒకటి చేయించవా అని అడిగాడు కూడా. కానీ మామ కుర్చీలో కూర్చుని అనే మాట మాత్రం మారలేదు. "బుర్గా కట్టుకున్నది నెమ్మదిగానే నడుస్తుంది మరి. కుర్రది కాదుగా." మత్తర్ విమానం జాలీ లేకుండా రివ్వున పోయేది. అది పోతుంటే మామ గడ్డం సవరించుకునేవాడు.

ఒబైద్‌లో తేడా నాకు తెలుస్తూనే ఉంది. ఒకరోజు జాలీని వెలుతురుకు పట్టి తిప్పి తిప్పి చూస్తున్నాడు.

"అఫ్రా, దీనివల్ల నిజంగానే బలం తగ్గుతోందంటావా?"

"తగ్గితే పిసరంత తగ్గుతుంది."

"ఆ పిసరే నాన్నకు కనిపిస్తోంది."

"మీ నాన్నకు నీలో ఏం కనిపించాలన్నా ముందు చూడాలి కదా," అన్నాను. అనాల్సింది కాదేమో. మొహం మాడ్చుకుని లేచి వెళ్ళిపోయాడు.

చలి బాగా ముదిరిన రోజుల్లో మామ ఎర్ర విమానం ఇంజనును విప్పి శుభ్రం చేసే పని ఒబైద్‌కు అప్పజెప్పాడు. మత్తర్‌కు కాదు, ఒబైద్‌కు. నా మొగుడు నేల మీద నడిస్తే ఒట్టు. రోజంతా దాని ముందే. బేరింగులు మార్చాడు, గొట్టాలు మార్చాడు, అద్దంలా తుడిచాడు. అడక్కుండానే ఒక జాలీ చేసిచ్చాను. ఇనప బల్ల ఒకటి ఆవరణలో బిగించి, ఇంజను ఎంత బలంతో తోస్తోందో చూపించే ముల్లు ఒకటి తగిలించాడు. శుక్రవారం నమాజు నుంచి తండ్రీ అన్నా రాగానే నడిపి చూపిస్తానన్నాడు.

వచ్చారు. మామ పాదాల దాకా జారే చలవ చేసిన తెల్ల అంగీలో, కందూరాలో ఉన్నాడు. మెడ దగ్గర కుచ్చు పొడుగ్గా వేలాడుతోంది, ఊదు అత్తరు అద్దుకున్నాడేమో ఆవరణంతా ఘుమఘుమ. పట్టీ మీదైతే ఇంజను దగ్గరికి వచ్చే ప్రతి మగాడూ ఆ కుచ్చును కాలరు లోపలికి దోపుకోవాలి. దోపుకోని వాళ్ళను నిలబెట్టి తిట్టేది ఎవరు? మామే. కానీ అది సొంత ఇల్లు. నమాజు నుంచి వచ్చిన మనిషి, ఎవరిని చూసి దోపుకుంటాడు?

ఇంజను నడిచింది. ముల్లు లేచింది. ఒబైద్ తండ్రి మొహంలోకి చూశాడు.

"ఇంతేనా?" అన్నాడు మామ.

"ఇంతే వస్తుంది నాన్నా. లెక్క ప్రకారం సరిగ్గానే ఉంది."

"ఆపు. ఆ బుర్గా తీసి నడుపు."

"నేలంతా గులకరాళ్ళే నాన్నా. ఒక్కటి పోయినా..."

"నేను ఇంజన్లు నడిపే నాటికి నువ్వు మీ అమ్మ కడుపులో కూడా లేవు. తీస్తావా, మత్తర్ చేత తీయించనా?"

ఆ ఒక్క మాటతో అయిపోయింది. మత్తర్ గోడకు ఆనుకుని ఫోను చూసుకుంటున్నవాడు కాస్తా తలెత్తాడు. ఒబైద్ స్క్రూడ్రైవరు తీసుకున్నాడు. నేను వంటింటి గుమ్మంలోంచి కాఫీ పళ్ళెం పట్టుకుని వస్తున్నాను. వద్దన్నట్టు తల ఊపాను. అతను నా వైపు చూడలేదు. జాలీ విప్పి, జాగ్రత్తగా తన జేబులో పెట్టుకున్నాడు.

ఇంజను మళ్ళీ లేచింది. ఈసారి ముల్లు పిసరంత ఎక్కువే చూపించింది. మామ ముఖం విప్పారింది. బేరింగు చప్పుడు వినడానికి ఇంజను ముందుకు చెవి పెట్టి వంగడం ఆయన పాత అలవాటు. వంగాడు.

కుచ్చు లోపలికి పోవడం చూశాను. ఆయన దాన్ని చేత్తో పట్టుకుని వెనక్కి లాగడం కూడా చూశాను. ఒబైద్ అప్పటికే ఇంజను ఆపేశాడు, కాని లోపల తిరిగే రెక్కల చక్రం ఆపగానే ఆగే రకం కాదు. చేతిలో ఉన్న పళ్ళెం నేను మెల్లగా కింద పెట్టాను. ఒక్క కప్పు కూడా ఒలకలేదు. అంత నిదానం నాకెక్కడి నుంచి వచ్చిందో ఇప్పటికీ తెలీదు.

మామ కుడిచేతి చూపుడువేలూ మధ్యవేలూ పై కణుపుల దాకా పోయాయి. తండ్రి చేతిని తన తలగుడ్డ గుత్రాలో చుట్టి, కారులో పడుకోబెట్టి ఆసుపత్రికి తీసుకెళ్ళింది ఒబైదే. మత్తర్ వెనక కారులో వచ్చాడు.

మామ ఇంటికొచ్చాక పరామర్శకు వచ్చేవాళ్ళతో మజ్లిస్ నిండిపోయేది. ఇంట్లో చిన్నకొడుకు నిలబడి కాఫీ పోయాలి. ఎడమచేత్తో కాఫీకూజా, కుడిచేతిలో కప్పులు, అతిథి చాలని కప్పు ఊపేదాకా కదలకూడదు. నేను లోపలి తలుపు తెర వెనక నిలబడి వినేదాన్ని. మొదటి సాయంత్రం బూ సాలెం అనే ముసలాయన వచ్చాడు. మామకు చిన్ననాటి స్నేహితుడు.

"ఎలా జరిగింది బూ మత్తర్? నీలాంటి వాడికి ఇలా జరగడమేంటి?"

మామ నిట్టూర్చాడు. "ఏం చెప్పమంటావు. చిన్నవాడు జాలీ పెట్టడం మరిచిపోయాడు. ఇంజను నోరు తెరుచుకునుంది. నాకేం తెలుసు?"

తెరకు చెవి ఆనించాను.

"ఏం ఒబైద్, అంతేనా?" అన్నాడు బూ సాలెం.

ఒబైద్ గొంతు వినబడింది. "అవును బాబాయ్. జాలీ లేదు."

"చూశావా," అన్నాడు మామ. "గింజతో కూడా బుద్ధి రాలేదు వాడికి. పొయ్యరా, బాబాయ్ కప్పు ఖాళీగా ఉంది."

అలా ఒక్క సాయంత్రం కాదు. వచ్చిన ప్రతివాడికీ ఆ కథే. చెప్పగా చెప్పగా దానికి కాళ్ళూ చేతులూ వచ్చాయి. జాలీ ముఖ్యమని మామ ముందు నుంచీ మొత్తుకుంటున్నాడట. పిల్లలు వినలేదట. ఆ కథ నడిచినంతసేపూ ఒబైద్ అక్కడే నిలబడి కాఫీ పోస్తూ ఉండేవాడు. విన్నవాళ్ళు అతని వైపు ఒక చూపు చూసి, కప్పు ఊపి, లేచి వెళ్ళేవాళ్ళు.

అత్తను పట్టుకుని అడిగాను. "అత్తయ్యా, మీరు కిటికీలోంచి చూశారు. తీయమన్నది ఎవరో మీకు తెలుసు."

అత్త బుర్గా సర్దుకుంది. "తెలుసు. అయితే ఏం చేయమంటావు? ఆయనకు వేళ్ళు పోయాయి. మాట కూడా పోవాలా?"

"మీ కొడుక్కి పోతే పరవాలేదా?"

"వాడు కుర్రాడు. తట్టుకుంటాడు." అని, "వాడికి మొదటి నుంచీ అలవాటే," అంది.

ఆ మాట అన్నది కన్నతల్లి. నేను మజ్లిస్ బయట మత్తర్‌కు అడ్డం పడ్డాను.

"బావా, నువ్వూ అక్కడే ఉన్నావు కదా."

"నేను ఫోను చూసుకుంటున్నాను మరదలా." నవ్వాడు. "అయినా నీకెందుకింత బాధ? నీ జాలీకి మంచి పేరొచ్చింది. పట్టీ మీద ఇప్పుడు అందరూ అదే పెట్టుకుంటున్నారు. నాన్న దగ్గరుండి పెట్టిస్తున్నాడు."

అది నిజమే. బుర్గా అన్న మాట ఎవరి నోటా రావడం లేదు. మామ ఫోన్లు చేసి మరీ అందరికీ జాగ్రత్తలు చెప్తున్నాడు. దేవుడు ఆయన్ను ఉదాహరణగా నిలబెట్టాడట, నలుగురినీ కాపాడడానికి.

ఇక మిగిలింది నా మొగుడు. ఎర్ర విమానానికి కొత్త ఇంజను బిగిస్తున్నాడు. వెళ్ళి ఎదురుగా కూర్చున్నాను.

"ఎందుకు చెప్పవు?"

"ఏం చెప్పాలి?"

"తీయమన్నది మీ నాన్నేనని."

"విప్పింది నేనే కదా అఫ్రా. చెప్పే నోళ్ళు ఎన్నయినా ఉంటాయి. విప్పిన చెయ్యి నాదే."

"ఆ చెయ్యి చేత విప్పించింది ఎవరు మరి? నేనా?"

స్క్రూ బిగించడం ఆపాడు. "నిన్న మందు వేస్తుంటే నాన్న ఏమన్నాడో తెలుసా? విమానం సంగతి ఆఖరి శుక్రవారం తేలుస్తానన్నాడు. నా మొహం చూసి అన్నాడు. ఇప్పుడు నేను నోరు తెరిస్తే..."

పూర్తి చేయలేదు. చేయనక్కర్లేదు కూడా. వేళ్ళు పోగొట్టుకుని, అబద్ధం ఆడి, ఇంత చేశాక కూడా ఆ ముసలాయన ఇవ్వగలిగింది ఇంకా ఆయన దగ్గరే ఉంది. నా మొగుడు దాని చుట్టూనే తిరుగుతున్నాడు.

ఆఖరి శుక్రవారం రానే వచ్చింది. అప్పటికే గాలి వేడెక్కింది. పట్టీ పక్కన కార్లు బారులు తీరాయి, ఊరు ఊరంతా వచ్చినట్టుంది. ఆడవాళ్ళం కార్ల వరస దగ్గర ఉన్నాం. మామ కుర్చీ పట్టీకి దగ్గరగా వేశారు. కట్టు కట్టిన చేతిని గుండెల మీద ఆనించుకుని కూర్చున్నాడు, వచ్చినవాళ్ళంతా వంగి ఆయన ముక్కుకు ముక్కు తాకించి పలకరించి పోతున్నారు. ఎర్ర విమానాన్ని తెచ్చి ముందు పెట్టారు. ఒబైద్ ఉతికిన కందూరా వేసుకుని, కుచ్చు లోపలికి దోపుకుని, దాని పక్కన నిలబడ్డాడు. పెళ్ళి రోజున కూడా అంత బిగుసుకుపోలేదు మనిషి.

మామ చెయ్యెత్తాడు. అందరూ మాటలాపారు.

"ఈ రోజు దీన్ని ఒబైద్ ఎగరేస్తాడు," అన్నాడు.

అన్నాడు. నేను చెవులారా విన్నాను. అన్ని తిట్లూ అన్ని అబద్ధాలూ ఒక్క క్షణం మరిచిపోయాను, సిగ్గులేకుండా కళ్ళ నీళ్ళు తిరిగాయి. ఒబైద్ తండ్రి వైపు చూసి తల వంచాడు.

"కానీ ముందు," అన్నాడు మామ, "నా కొడుకు పాఠం నేర్చుకున్నాడని అందరూ చూడాలి. ఒరే, ఎవరన్నా పై మూత తియ్యండి. మత్తర్, విమానం నడిపే రేడియో నీ దగ్గర పెట్టుకుని ఇంజను నడుపు. ఒబైద్, జాలీ గట్టిగా ఉందో లేదో వేలు పెట్టి చూపించు."

విమానం వీపు మీది మూత తీశారు. లోపల ఇంజను, దాని నోటికి నేను చేసిన జాలీ. మత్తర్ ఇంజను లేపాడు. ఒబైద్ మోకాళ్ళ మీద కూర్చుని, కుడిచేతి చూపుడువేలు ముందుకు చాపాడు. ఎవరో నవ్వారు. ఇంకెవరో నవ్వుతున్న వాణ్ని ఆపారు. ఆ జాలీ వెనక ఏం తిరుగుతోందో అక్కడున్న ప్రతివాడికీ తెలుసు, దానికి సాక్ష్యం కుర్చీలో కూర్చునుంది.

వేలు జాలీకి అతుక్కుపోయింది.

"మత్తర్, స్పీడు పెంచు," అన్నాడు మామ.

నేను కార్ల వరస దాటి మగవాళ్ళ మధ్యలోంచి నడుచుకుంటూ వెళ్ళాను. ఎవరో పక్కకు తప్పుకున్నారు, ఎవరో ఏదో అన్నారు. వెళ్ళి ఒబైద్ పక్కన కూర్చుని మణికట్టు పట్టుకున్నాను. చెమటతో తడిసిపోయి ఉంది.

"లే. ఇంటికి పోదాం. ఈ విమానం మనకొద్దు," అన్నాను అతని చెవిలో.

అతను నా వైపు తిరగలేదు. పెదాలు మాత్రం కదిలాయి.

"వదులు అఫ్రా. నాన్న చూస్తున్నాడు."

వదిలేశాను. ఇంజను మోత ఇంకా పైకి లేచింది, ఇంకా లేచింది. మా అమ్మ నేర్పిన మడత ఎక్కడా విడలేదు. ఎంతసేపు గడిచిందో చెప్పలేను. మామ కట్టు కట్టిన చెయ్యి ఊపేదాకా గడిచింది.

"చాలు," అన్నాడు. ఒబైద్ వేలు వెనక్కి తీసుకుని లేచి, రేడియో కోసం అన్న వైపు చెయ్యి చాపాడు. మామ ఆ చేతినే చూస్తున్నాడు.

"రేడియో నీ దగ్గరే ఉంచుకో మత్తర్. వీడి చెయ్యి వణుకుతోంది, చూడు. నువ్వే ఎగరెయ్."

మత్తర్ ఎగరేశాడు. బాగా ఎగిరింది, నిజం చెప్పొద్దూ, అంత అందంగా అది ఎప్పుడూ ఎగరలేదు. మామ కళ్ళు తుడుచుకున్నాడు. చప్పట్లు మోగాయి. ఒబైద్ మంటలార్పే సిలిండరు పట్టుకుని పట్టీ చివర నిలబడి ఉన్నాడు, అది కింద పెట్టి తనూ చప్పట్లు కొట్టాడు.

జనం పలచబడ్డాక నేనున్న చోటికి వచ్చి, కారు తలుపు తీసి నా పక్కన కూర్చున్నాడు. నేను తాళం పెట్టి, పోనివ్వకుండా ఆగాను. అతను తిడితే బాగుండును. ఏడిస్తే బాగుండును.

"దించడం చూశావా, ఎంత మెత్తగా దించాడో," అన్నాడు. "ఇంజను నేను కట్టిందే. నాన్నకు తెలుసు."

నేను కిటికీ అద్దం దించాను.

"చెయ్యి వణకడం నాదే తప్పు. కాస్త నిదానంగా ఉండాల్సింది. వచ్చే చలికాలం నాకే ఇస్తాడేమో అఫ్రా. ముందు నా పేరే చెప్పాడుగా, విన్నావుగా."

"విన్నాను," అన్నాను.

అంతదాకా అతని మీదున్న కోపం అప్పుడే పోయింది. కోపం పోయాక ఆ మనిషి దగ్గర నాకు ఏమీ మిగల్లేదని తెలిసింది. ఖోర్ ఫక్కాన్ వెళ్తున్నాను, మా అమ్మ దగ్గరికి, వస్తావా అని అడిగాను. ఎప్పుడొస్తావు అన్నాడు. నేను అడిగింది అది కాదు అన్నాను.

అవతల మామ కుర్చీలోంచి లేచి, "ఒబైద్, ఎక్కడ చచ్చావురా," అని కేకేశాడు.

"వస్తున్నా నాన్నా," అంటూ కారు దిగి, కుర్చీ మడవడానికి పరుగెత్తాడు.